కొట్టులో కూర్చోని షావుకార్లు

కాకినాడలో ఈ మధ్య ఏ ఫంక్షన్ హాలు ముందు చూసినా అదే ఫ్లెక్సీ. సొంత వ్యాపారం పెట్టడానికి కావలసిన మైండ్‌సెట్ నేర్పుతారట. పొద్దున్నించి సాయంత్రం దాకా ఉపన్యాసాలు, మధ్యలో భోజనం, పోయేటప్పుడు సర్టిఫికెట్టు. ఆ చెప్పేవాళ్ళలో ఎంతమంది ఒక వస్తువు కొని, ఇంకొకడికి అమ్మి, ఆ డబ్బు వసూలు చేసుకుని ఇంటికి వెళ్ళారో నాకు అనుమానమే. వినేవాళ్ళు మాత్రం పాతికేళ్ళ కుర్రాళ్ళు. మొదటి ఉద్యోగంలో దాచుకున్న డబ్బు ఫీజుగా కట్టి వస్తున్నారు. నాకు కోపం వచ్చేది అందుకే.

మా రోజుల్లో ఇలాంటి చదువు లేదని అనను. ఉంది. వ్యాపారబుద్ధి పుట్టుకతో రావలసిందేనా, పెద్దయ్యాక నేర్పవచ్చా అని తేల్చడానికి ప్రపంచంలో జరిగిన పరీక్షల్లో బాగా పేరుపడ్డ ఒకటి మా ఊరి వర్తకుల మీదే జరిగింది. ఎంబీఏ పుస్తకాల్లో దాన్ని కాకినాడ ఎక్స్‌పెరిమెంట్ అంటారు.

1964 నాటి సంగతి. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చెప్పే డేవిడ్ మెక్‌క్లెలాండ్ అంతకు మూడేళ్ళ ముందు ‘ది అచీవింగ్ సొసైటీ’ అని ఒక పుస్తకం రాశారు. దేశం బాగుపడాలంటే అక్కడి మనుషుల్లో ఏదో ఒకటి సాధించాలన్న తపన ఉండాలని, ఆ తపనను నేర్పవచ్చని ఆయన వాదం. అది రుజువు చేయడానికి మా ఊరిని ఎంచుకున్నారు. ఇక్కడి వ్యాపారులను హైదరాబాదు యూసుఫ్‌గూడలో సియెట్ అనే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు పిలిపించి తరగతులు పెట్టారు. పోల్చి చూసుకోవడానికి, శిక్షణ ఇవ్వకుండా వదిలేసిన ఊరు రాజమండ్రి.

అప్పటికి నేను మెయిన్ రోడ్డులో మా మేనమామ గారి ఇనప సామాన్ల కొట్టులో పనికి కుదిరిన కుర్రాణ్ణి. మా పక్క కొట్టు షావుకారు గారు ఆ తరగతులకు వెళ్ళారు. కొట్టు వదిలేసి వ్యాపారం నేర్చుకోవడానికి సామర్లకోట వెళ్ళి రైలెక్కడమేమిటని బజారంతా వింతగా చూసింది. తిరిగొచ్చాక ఓ సాయంత్రం మా బల్ల మీద కూర్చుని ఆయన చెప్పినవాటిలో నాకు బాగా గుర్తున్నది రింగుల ఆట.

నేల మీద ఒక కర్ర నిలబెడతారు. చేతికి రింగులిస్తారు. విసిరి కర్రకు పడేలా వేయాలి. ఎంత దూరంలో నిలబడి వేయాలో ఎవరూ చెప్పరు, ఎవరిష్టం వాళ్ళది. కొందరు కర్ర పక్కనే నిలబడి ఒకదాని మీద ఒకటి పడేస్తారు. కొందరు గది చివరిదాకా పోయి కళ్ళు మూసుకుని విసిరినట్టే విసురుతారు, పడితే అదృష్టం అనుకుని. వ్యాపారానికి పనికొచ్చేవాడు ఈ రెండు చోట్లా నిలబడడట. తన చేతికి అందీ అందనంత దూరం చూసుకుంటాడు. వరసగా పడుతుంటే ఒక అడుగు వెనక్కి వేస్తాడు, తప్పుతుంటే ఒక అడుగు ముందుకొస్తాడు. ఆటంతా దూరం ఎంచుకోవడంలోనే ఉంది.

మావయ్య విని, “ఇందులో కొత్తేముందండీ, అరువు ఇచ్చేటప్పుడు రోజూ మనం చేసే పనే కదా” అన్నారు.

“చేస్తూనే ఉన్నామండీ. కానీ చేస్తున్నామన్న ఎరుక లేదు. అది వచ్చాక ఇంకో నాలుగు చోట్ల చేయబుద్ధేస్తుంది” అన్నారు ఆయన.

ఇద్దరి మాటా నిజమే. 1969లో మెక్‌క్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి తెచ్చిన ‘మోటివేటింగ్ ఎకనామిక్ అచీవ్‌మెంట్’లో ఫలితాలు వచ్చాయి. శిక్షణకు వెళ్ళొచ్చినవాళ్ళు వెళ్ళనివాళ్ళకన్నా చురుగ్గా కొత్త వ్యాపారాలు మొదలుపెట్టారని, పెట్టుబడులు పెట్టారని, ఎక్కువమందికి పని ఇచ్చారని తేల్చారు. బొట్టు పెట్టుకుని రాహుకాలం చూసుకునే మనిషి కొత్త వ్యాపారం చేయలేడన్న అనుమానం కూడా నిలవలేదు. పాతకాలపు నమ్మకాలు అడ్డు రాలేదు.

కానీ ఆ పాఠాన్ని ఇవాళ్టి ఫ్లెక్సీలవాళ్ళు వాడుకుంటున్న తీరు నాకు మింగుడుపడదు. అప్పుడు హైదరాబాదు వెళ్ళినవాళ్ళలో చాలామంది అప్పటికే ఏదో ఒక వ్యాపారం నడుపుతున్నవాళ్ళు. వాళ్ళకి సరుకు తెలుసు, బాకీదారు మొహం తెలుసు, పండగ ముందు బజారు ఎలా ఉంటుందో తెలుసు. తెలిసినదాన్ని పెద్దది చేసుకోవడం ఎలాగో అక్కడ నేర్పారు. ఇప్పుడు హాల్లో కుర్చీ వేసుకుని కూర్చున్న కుర్రాడికి ఆ తెలిసినదే లేదు. అతనికి తన చెయ్యి ఎంత దూరం విసరగలదో ఎలా తెలుస్తుంది? అందుకే అందరూ గది చివర నిలబడుతున్నారు. మొదటి ఏడాదే కోటి రూపాయలంటారు, వంద ఊళ్ళంటారు. అలా కాకపోతే వెనక్కి తిరిగి గ్రూప్స్ కోచింగుకి పోతున్నారు.

మాకు ఆ తెలియడం ఎలా వచ్చిందో చెబుతాను. కొట్టులో చేరిన కొత్తలో నా పని మేకులు తూచడం. అంగుళం, అంగుళమున్నర, రెండంగుళాలు, మూడంగుళాలు, దేని సంచి దానిది. చేతులకి ఎప్పుడూ నూనె జిడ్డు, తుప్పు వాసన. నేను తూస్తుంటే మావయ్య నా తక్కెడ వైపు చూసేవారు కాదు, కొనడానికి వచ్చిన మనిషి వైపు చూసేవారు. వడ్రంగి వస్తే ఇల్లెవరిదని అడిగేవారు. తలుపులెన్ని, కిటికీలెన్ని, పైకప్పు దాకా వచ్చిందా, గృహప్రవేశం ఎప్పుడనుకుంటున్నారు అని మాటల్లో పెట్టేవారు. ఆ ఇంటికి బందులు, గడియలు, గొళ్ళేలు ఏ వారం కావాలో ఆయనకి తెలిసిపోయేది. వడ్రంగి మళ్ళీ వచ్చేసరికి ఆ సైజు బందులు మా కొట్టులో ఉండేవి, ఎదురు కొట్టులో ఉండేవి కావు. జగన్నాథపురం నుంచి పడవలవాళ్ళు తాళ్ళకీ మేకులకీ వస్తే వేట ఎలా ఉందని అడిగేవారు. అది మర్యాదకి అడిగే మాటే. ఎంతవరకు అరువివ్వచ్చో తేల్చుకునే లెక్క కూడా అందులోనే ఉండేది.

రాత్రి కొట్టు కట్టే ముందు చిట్టా చదవడం నా వంతు. జమలు, ఖర్చులు చదువుతుంటే ఆయన గల్లాపెట్టెలో రొక్కం లెక్కపెట్టేవారు. రెండూ కలవకపోతే ఇంటికి వెళ్ళడం లేదు. తాను తాగిన కాఫీ డబ్బులు కూడా సొంత వాడకం కింద పద్దు పడాలి. ఒకసారి దసరాకి అత్తయ్య పట్టుచీర అడిగారు. గల్లా నిండా నోట్లున్నాయి, నేను కళ్ళారా చూస్తున్నాను. “అవి రేపు మద్రాసు పార్టీకి కట్టాల్సినవి. మనవి కావు” అన్నారు మావయ్య. అత్తయ్య రెండు రోజులు మాట్లాడలేదు. చీర దీపావళి దాటాక వచ్చింది.

గల్లాలో ఉన్న డబ్బు తనది కాదని తెలియడం, వ్యాపారం పెట్టేవాడికి ఉండవలసిన మొట్టమొదటి బుద్ధి అదేనని నేను గట్టిగా నమ్ముతాను. ధైర్యం, పట్టుదల, పెద్ద పెద్ద కలలు అన్నీ దాని తర్వాతే. ఇవాళ ఏ కుర్రాణ్ణి అడిగినా టర్నోవరు చెబుతాడు, లాభం చెప్పడు. ఫండింగ్ వచ్చిందని స్వీట్లు పంచుతారు. అది అప్పు కాదు తాతయ్యా, వాటా అమ్మడం అంటారు. మంచిదే. మరి వాటాదారు సొమ్ము అప్పు సొమ్ముకన్నా భద్రంగా చూసుకోవాలా, లేదా? ఆ సొమ్ముతో ముందుగా అద్దాల గది ఆఫీసు, తిరిగే కుర్చీలు ఎందుకు కొంటున్నారు?

ఓడిపోవడం గురించి చెప్పే మాటలు మరీ బాధ కలిగిస్తాయి. ఫెయిలైతే మంచిదేనట, ఎన్నిసార్లు ఫెయిలైతే అంత అనుభవమట. వ్యాపారంలో దెబ్బ తినడం మేమూ చూశాం. మా బజారులో ఎవరైనా ఐపీ పెట్టారంటే ఆ రోజు వీధిలో మాట పెగిలేది కాదు. కోర్టులో దివాలా కాగితం పడిందంటే దాని వెనక ఎందరో ఉంటారు. సరుకు పంపిన టోకు వ్యాపారి, జీతం రాని గుమాస్తా, నమ్మి చీటీ డబ్బు వేసిన పక్కింటి విధవరాలు. పడిపోయినవాడి అనుభవానికి ఖర్చు పెట్టుకున్నది వాళ్ళు. ఐపీ పెట్టినవాళ్ళని మా బజారు వెలేసినట్టు చూసేది, అది మంచి పద్ధతని నేను అనను. కొందరు ఊరే వదిలిపోయారు. ఒకాయన మాత్రం పదేళ్ళ తర్వాత తిరిగొచ్చి, చట్టప్రకారం కట్టనక్కర్లేకపోయినా ఒక్కొక్క కొట్టూ ఎక్కి పాత బాకీలు తీర్చాడు. ఆయనకి మళ్ళీ సరుకు ఇవ్వడానికి బజారులో ఒక్కరూ వెనకాడలేదు. పడ్డాక ఎలా లేవాలో పిల్లలకి చెప్పదలిస్తే అలాంటి మనుషుల గురించి చెప్పండి. ఎవరి డబ్బు పోయిందో ఊసెత్తకుండా ఫెయిల్యూరుకి దండలు వేయకండి.

1996 నవంబరు 6 రాత్రి తుపాను మా జిల్లాని ఎలా పీల్చి పిప్పి చేసిందో ఇక్కడివాళ్ళకి చెప్పనక్కర్లేదు. కోనసీమలో కొబ్బరి తోటలకి తోటలు నేలకూలాయి, పైకప్పులు లేచిపోయాయి. అప్పటికి కొట్టు నా చేతికి వచ్చింది. రెండు రోజుల్లో రేకులకి, జె-హుక్కులకి, మేకులకి, కట్టుతీగకి జనం విరగబడ్డారు. ఎంత చెబితే అంతకి కొనేవాళ్ళు ఆ రోజు. మా గుమాస్తా చెవిలో అదే చెప్పాడు. నేను తుపాను ముందు రోజు ధర పలక మీద సుద్దతో రాయించి వాకిట్లో పెట్టించాను. మనిషికి ఇన్నే అని కట్టడి కూడా పెట్టాను, లేకపోతే లారీ తెచ్చినవాడు మొత్తం ఎత్తుకుపోతాడు. యానాం అవతల నుంచి ఆ వారం మొదటిసారి వచ్చినవాళ్ళు తర్వాత ఇళ్ళు కట్టుకున్నప్పుడు, కూతుళ్ళకి కట్టించినప్పుడు మా కొట్టుకే వచ్చారు. ఇది కాగితం మీద ముందుగా వేసుకున్న లెక్క కాదు. మావయ్య ఉంటే ఏం చేసేవారో నాకు తెలుసు, అదే చేశాను. అలాంటి రోజున ఏం చేయాలో తెలియాలంటే, అంతకు ముందు ఎన్నో మామూలు రోజులు ఒక మంచి షావుకారు పక్కన కూర్చుని ఉండాలి. ఆ కూర్చోవడం ఇప్పుడు ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఆ రోజులు తిరిగి రావాలని నేను కోరుకోవడం లేదు. సిమెంటు బస్తా కావాలంటే పర్మిట్టు కావలసిన రోజులవి. ఇల్లు కట్టుకునేవాడు ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరిగేవి. 1982లో కొంత, 1989లో పూర్తిగా ఆ కంట్రోలు ఎత్తేశాక కదా మా వ్యాపారానికి ఊపిరాడింది! బ్యాంకు గుమ్మం ఎక్కాలంటే పొలం కాగితాలుండాలి. లేనివాడు బజారు వడ్డీకి తెచ్చుకుని, వడ్డీ కట్టడానికే బతికేవాడు. మా వీధిలో కొట్టు పెట్టాలంటే ఏ కులంలో పుట్టావు, మీ నాన్న ఎవరు అన్నవే పెట్టుబడి. ఆడమనిషి గల్లా దగ్గర కూర్చోవడం నేను చిన్నప్పుడు చూడలేదు. ఈ అడ్డంకుల్లో చాలా వాటిని ఈ కాలం తీసేసింది. 2015లో వచ్చిన ముద్ర పథకంలో తాకట్టు లేకుండా మొదటి మెట్టులో 50 వేల దాకా ఇస్తారు, ఆపైన మెట్లున్నాయి. ఉద్యం రిజిస్ట్రేషను ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు, ఫీజు లేదు. హైదరాబాదులో టీ-హబ్ లాంటివి వచ్చాయి. ఇన్ని తలుపులు తెరిచి ఉన్న కాలంలో పుట్టి, 50 వేలు తెచ్చుకుని చిన్నగా మొదలుపెట్టమంటే నామోషీగా చూస్తారే, అదే నా బాధ.

నామోషీ లేనివాళ్ళు ముందుకు పోతూనే ఉన్నారు. భానుగుడి జంక్షన్ దగ్గర ఒకామె టిఫిన్ బండి పెట్టింది. డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుని మొదలుపెట్టింది. మొదట్లో ఇడ్లీ ఒక్కటే. మిగిలిపోకుండా ఎన్ని పోతున్నాయో చూసుకుని, ఆదివారం పూట మాత్రం పెసరట్టు వేసింది. అది నిలదొక్కుకున్నాక రోజూ వేస్తోంది. పూరీ కూడా పెట్టమ్మా అని నేనే ఒకసారి అన్నాను. “నూనె ధర చూశారా బాబుగారూ, ఇంకో మనిషి కావాలి కూడాను. ఇప్పుడే వద్దు” అంది. ఫోన్‌పే స్టిక్కరు బండికి అతికించి ఉంది, రాత్రికి ఎంత వచ్చిందో ఫోన్‌లో చూసుకుని, స్కూలు నోటుబుక్కులో పిండికెంత, గ్యాసుకెంత, సంఘం వాయిదాకెంత అని రాసుకుంటుంది. మెక్‌క్లెలాండ్ పేరు ఆమె విని ఉండదు. రింగు పట్టుకుని ఏ దూరంలో నిలబడాలో ఆమెకి తెలిసినంత బాగా ఈ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు.

మా చెల్లెలి మనవడి సంగతి ఇంకో రకం. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వచ్చి, గానుగ నూనె బ్రాండు పెడతానన్నాడు. ఆలోచన మంచిదే. ఏసీ గది అద్దెకి తీసుకున్నాడు, సీసా మీద బొమ్మ వేయించాడు, కార్డులు కొట్టించాడు. చూడ్డానికి రమ్మంటే వెళ్ళాను. ల్యాప్‌టాప్‌లో అయిదేళ్ళ లెక్క చూపించాడు, గీతలన్నీ పైకే పోతున్నాయి.

“కిలో నువ్వులు ఆడిస్తే ఎంత నూనె దిగుతుందిరా?” అన్నాను.

“సగం వేసుకున్నాను తాతయ్యా.”

“నువ్వుల్లో దాదాపు సగం నూనే ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ చెక్క గానుగలో అంతా దిగదు, పిండిలో కొంత ఉండిపోతుంది. ఆ తెలకపిండి ఎవరికి అమ్ముతావు?”

వాడి లెక్కలో తెలకపిండికి గడే లేదు. గానుగవాడికి మిగిలేదేదో తేల్చేది చాలాసార్లు ఆ పిండే. పశువులకి కొనేవాళ్ళున్నారు, మునగాకు వేసి కూర వండుకోవడానికి కొనేవాళ్ళూ మన గోదావరి జిల్లాల్లో ఉన్నారు. ఒక్క గానుగ దగ్గర ఒక్క పూట నిలబడి ఉంటే అది వాడికి ఎవరూ చెప్పకుండానే తెలిసేది. వాడు తెలివితక్కువవాడు కాడు, నాకన్నా పదిరెట్లు చదువుకున్నాడు. గానుగ దగ్గరికి వెళ్ళడం వ్యాపారంలో భాగమని వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాళ్ళు లోగో గురించి చెప్పారు.

ఇంకో మాట కూడా వాడికి చెప్పాను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పుడు సంగీత కచేరీల్లో జనానికి ఊరికే పంచిపెట్టారు. వాళ్ళు తలకి రాసుకుని చూసి, నొప్పి తగ్గితే కొన్నారు. కృష్ణా జిల్లా ఎలకుర్రు నుంచి వెళ్ళిన మనిషి పరాయి ఊళ్ళో అలా జనం చేతిలో సరుకు పెట్టి వ్యాపారం నిలబెట్టారు. ఆ సంపాదనతోనే తర్వాత ఆంధ్రపత్రిక నడిపారు. ‘నీ నూనె ఇంతవరకు ఎవరి ఇంట్లో పోపులో పడింది?’ అని అడిగితే మనవడి దగ్గర జవాబు లేదు.

కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. తర్వాత ఆ ఏసీ గది ఖాళీ చేశాడని వాళ్ళ నాన్న ఫోన్ చేసి నిష్ఠూరమాడాడు, నేను వాడి ఉత్సాహం చంపేశానని. వాడు ఇప్పుడు పిఠాపురం పక్కన ఒక పల్లెలో గానుగ అద్దెకి తీసుకుని ఆడిస్తున్నాడు. చొక్కా నిండా నూనె మరకలు. లాభం ఇంకా రాలేదు, వస్తుందో రాదో నేను చెప్పలేను. ఫోన్ చేస్తే మాత్రం నువ్వుల ధర, పిండి ధర, ఏ ఇంటివాళ్ళు రెండోసారి అడిగారు అన్నవే చెబుతున్నాడు. వాడితో మాట్లాడడం నాకిప్పుడు సంతోషంగా ఉంది.

ఎంబీఏ చదివే పిల్లలు కాకినాడ ఎక్స్‌పెరిమెంట్ గురించి షార్ట్ నోటు బట్టీపట్టి రాస్తున్నారు. అందులో కొందరు ఈ ఊళ్ళోనే చదువుతూ, ఆ వర్తకులు కూర్చున్న మెయిన్ రోడ్డు మీదుగానే కాలేజీకి పోతున్నారు. ఒక్కడూ ఆగి ఒక కొట్టు మెట్లెక్కడు. ఈ మాటే ఒక కాలేజీలో పెద్దాయనకి చెప్పాను. బిజినెస్ ఐడియాల పోటీలకి పెట్టే ఖర్చు మానేసి, ఒక్క సీజను పిల్లల్ని కొట్లలో కూర్చోబెట్టండి, చిట్టా రాయించండి, వసూళ్ళకి పంపించండి అన్నాను. అటెండెన్సు ఎలా వేస్తామండీ అన్నారు ఆయన. చిట్టా తెచ్చి చూపిస్తే వేయండి, ఏ రోజు వచ్చాడో అందులో వాడి చేతిరాతే చెబుతుంది అన్నాను. ఆలోచిస్తామన్నారు. ఇంకా కబురు రాలేదు. బజారులో నలుగురు షావుకార్లని నేను అప్పుడే ఒప్పించి పెట్టాను, ఒకరు బట్టల కొట్టు, ఒకరు మందుల హోల్‌సేలు, ఇద్దరు మా ఇనప సామాన్లవాళ్ళు. దసరాకి నెల ముందు పంపితే వాళ్ళకీ చేతి సాయం, పిల్లలకీ బజారు నిండుగా ఉన్నప్పుడు చూసినట్టుంటుంది.